జెముడు పువ్వులో తేనె ఎవరిది

"నానమ్మా, నాగజెముడు పువ్వు మీదకి ఏమేం వాల్తాయో నువ్వు కూచుని మరీ చూశావంట గదా. నాన్న చెప్పాడు. మా కాలేజీలో నాకు అదే ప్రాజెక్టు ఇచ్చారు. చెప్పవా, ఫోన్లో రికార్డు చేసుకుంటా."

చెప్పాడా మీ నాన్న? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పెట్టు, ఆ ఫోను ఇట్టా దగ్గరకి పెట్టు, నా గొంతు ఇప్పుడు పైకి రావట్లా. ఆ ఫ్యాను కట్టెయ్ ముందు. టకటకా కొట్టుకుంటది, నీకు అదే వినపడుద్ది గాని నేను వినపడను. ఆ, సరే.

చూశానే అమ్మాయ్. చూశా. కాకపోతే పువ్వు సంగతి ఒక్కటీ విడిగా చెప్పమంటే నాకు రాదు. ఆ పువ్వు సంగతీ నా పాల సంగతీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినయ్. మీ నాన్న జానీ నా కడుపున పుట్టినోడు కాదు, నా పాలు తాగి బతికినోడు, అది నీకు తెలిసిందే గదా. ఎట్టా తాగాడు, ఏ పరిస్థితుల్లో తాగాడు అన్నది నీకెవరూ పూర్తిగా చెప్పుండరు. మీ నాన్నకి నాయనమ్మ, ఆ మస్తాన్‌బీ ఉంటే చెప్పేది. ఆమె పోయి చాలా కాలమైంది. ఇంక మిగిలింది నేనే.

మాది రేపల్లె పక్కన. నల్ల నేల, వరిచేలు, కాలవలు. ఈ బాపట్ల ఇసకలోకి కోడలిగా వచ్చేసరికి నేలంటే ఇట్టా కూడా ఉంటదా అనిపించింది నాకు. కాలు పెడితే కూరుకుపోద్ది, బిందె దించితే పక్కకి ఒరుగుద్ది. ఇప్పుడంటే సముద్రం దాకా రోడ్డు, రిసార్టులు, ఆదివారమైతే కార్లే కార్లు. అప్పుడు ఇయ్యన్నీ ఎక్కడియ్యి? ఇళ్ళు దాటితే సరుగుడు తోటలు, తాటిచెట్లు, అయ్యి దాటితే ఇసక దిబ్బలు, దిబ్బల మీద జెముడు. మా ఆయన దోసపాదులు పెట్టేవాడు. రెండు కావిళ్ళ దోసకాయలు బాపట్ల సంతకి మోసుకుపోతే వచ్చే డబ్బులు... అబ్బే, ఇప్పుడు చెప్తే నువ్వు నవ్వుతావు, నీ ఫోనుకి ఒక రోజు ఖర్చు కూడా రాదు. ఏం చెప్తున్నా? ఆ, కాన్పు.

నాకది తొలికాన్పు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలంటారు గదా. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది, ఇంక పుట్టిల్లేంటి? మా నాన్న ఒక్కడూ పురుడు పోస్తాడా? అందుకని అత్తగారింట్లోనే. మా అత్తది నోరు పెద్దదే గాని, చేసే పనిలో లోటు రానిచ్చేది కాదు. మంత్రసానిని పిలిపించింది, వేణ్ణీళ్ళు పెట్టింది, నా చెయ్యి పట్టుకుని పక్కనే కూచుంది. ఆడపిల్ల. జుట్టు ఇంత ఒత్తుగా ఉండేది. కళ్ళు తెరిచి చూసింది కూడా. నా పాలు తాగింది. ఆ తర్వాత ఒళ్ళు పచ్చబడటం మొదలెట్టింది. ఒకళ్ళు ఆకుపసరన్నారు, ఒకళ్ళు పొద్దుటెండలో పడుకోబెట్టమన్నారు, మా మామగారు ఇట్టా కాదు బాపట్ల ఆసుపత్రికి తీసుకుపోదామని లేచాడు. బండి కట్టేలోపే పోయింది.

పసిబిడ్డల్ని మాలో కాల్చరు, పూడుస్తారు. ఆడవాళ్ళని రానివ్వరు. మా ఆయన తుండుగుడ్డలో చుట్టి చేతుల మీద పట్టుకుపోయాడు, మామగారు పార తీసుకుని ముందు నడిచాడు. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఇసక నేల గదా, ఎంత లోతు తవ్వినా నక్కలు తోడేస్తయ్. అందుకని పసిబిడ్డల్ని జెముడు పొద మొదట్లో పెట్టేవాళ్ళు, ముళ్ళల్లోకి నక్క రాదని. దిబ్బల అంచున ఒక పొద ఉండేది, ఈ ఇంటంత. దాని దగ్గర పెట్టొచ్చారు. ఏ పక్కన అని అడిగితే ఆయన చెప్పలా. "ఆ పొద దగ్గరే" అన్నాడు, తువ్వాలు మొహాన కప్పుకుని పడుకున్నాడు. ఆయన ఏడవటం నేను విన్నది ఆ ఒక్కసారే.

మరి బిడ్డ పోయిందని పాలకేం తెలుసు? వస్తూనే ఉన్నయ్. రవిక తడిసిపోయేది, పమిట తడిసిపోయేది, బరువెక్కి జ్వరం వచ్చేది. అట్టాంటప్పుడు మల్లెపూలు కడతారు, నువ్వు విన్నావో లేదో. రొమ్ముల మీద మల్లెపూలు పరిచి పైన గుడ్డతో బిగించి కడితే పాలు ఎండిపోతయ్యంటారు. అది ఎండాకాలం మొదలు, ఈ ఇసకలో మల్లెలు విరగపూస్తయ్. మా అత్త పొద్దునా సాయంత్రం పూలు మార్చి కట్టేది. కట్టేటప్పుడు నా మొహంలోకి చూసేది కాదు. ఇప్పుడు పెళ్ళిళ్ళకి పోతే నేను మల్లెపూలు ముట్టుకోనని, ఆయన పోయాడు గదా అందుకని అనుకుంటారు అందరూ. అందుక్కాదు. ఆయన ఉన్నప్పుడు కూడా నేను పెట్టుకోలా. ఆ వాసన నాకు పడదు.

ఇప్పుడు నీ పువ్వు దగ్గరకి వస్తున్నా. అప్పట్లో ఇళ్ళల్లో మరుగుదొడ్లు లేవు, ఆడవాళ్ళం తెల్లారకముందే చెంబు పట్టుకుని సరుగుడు తోటల్లోకి పోవాల్సిందే. పురిటి మనిషిని బయటికి పంపరు గాని, నాకు ఇంక పురుడేంటి? నేను చెంబు పట్టుకుని పోయి, తోటలో ఆగకుండా ఆ పొద దాకా నడిచేదాన్ని. పోయి ఏం చేస్తావంటే ఏం లేదు. కూచునేదాన్ని. ఏ పక్కన ఉందో తెలియదు గదా, ఒకరోజు ఈ పక్క, ఒకరోజు ఆ పక్క. మా అత్త ఊరంతా వినపడేటట్టు అరిచేది, "చెంబు పట్టుకుని పోయింది, పొద్దెక్కినా రాదేంటి ఈ పిల్ల" అని. ఎక్కడికి పోతున్నానో ఆమెకి తెలుసు. తెలిసే అరిచేది.

పువ్వు తెల్లారగానే విచ్చుకోదు. కాస్త ఎండ తగలాలి. ముందు మొగ్గలకి చీమలు వచ్చేయి. లోపలికి పోవు, బయటే, ఆ మొగ్గ మీద చిన్న చిన్న ముళ్ళ దగ్గర తీపి చెమట పట్టినట్టు పట్టుద్ది, అది నాక్కుంటా తిరుగుతయ్. వేరే పురుగేదన్నా మొగ్గని కొరకడానికి వస్తే ఎగబడి తరిమేస్తయ్. వాటి వంతు అక్కడికే. ఎండ ఎక్కితే పువ్వు విచ్చుకుంటది, పసుపు ముద్దలాగా ఉంటది. అప్పుడు సన్న ఈగలు వచ్చేయి, తేనెటీగలే, కాకపోతే ముతకదారం ముక్కంత. అయ్యి పైపైన పుప్పొడి ఎత్తుకుని పోతయ్. అడుగున తేనె ఉందని వాటికి తెలుసో తెలీదో. ఆ తర్వాత మామూలు తేనెటీగలు. అయ్యి దిగుతయ్, తలకాయ లోపలికి పెట్టి తోక పైకి పెట్టి. ఆ వెనకాల నల్ల తుమ్మెద, అది వచ్చిందంటే చప్పుడుకే మిగతాయన్నీ లేచిపోయేయి. పువ్వు మీద పడి అడుగుదాకా దూరేది. ఒళ్ళంతా పచ్చగా అయ్యి బయటికొచ్చేది. కాసేపు ఆగితే తేనెపిట్ట. అది పువ్వులో దిగదు, పక్కన అట్టలాంటి జెముడాకు మీద ముల్లు తప్పించుకుని వాలి, ముక్కు మాత్రం లోపలికి పెడుద్ది. మీ పుస్తకాల్లో వీటికి మంచి మంచి పేర్లుంటాయిలే. నేను చూసింది చెప్తున్నా.

కొట్టుకోవా అంటావా? కొట్టుకుంటయ్, ఎందుక్కొట్టుకోవు, ఒక తుమ్మెద ఉండగా ఇంకోటొస్తే గిరగిరా తిరిగి గుద్దుకునేయి. కానీ చిన్నదానికి లేకుండా పెద్దది అంతా ఊడ్చుకుపోవటం నేను చూళ్ళా. నేను దగ్గరికి పోయి లోపలికి చూశాను, చూశానని చెప్తున్నా గదా. తుమ్మెద పోయాక అడుగున పొడిగా ఉంటది. కాసేపయ్యాక చూస్తే మళ్ళీ తడి. మళ్ళీ కొంచెం ఊరుద్ది. ఒక్కసారే కుండెత్తి పొయ్యదది. వచ్చినదానికి కొంచెం, మళ్ళీ వచ్చినదానికి మళ్ళీ కొంచెం. సాయంత్రానికి పువ్వు ముడుచుకుని ఎర్రబారుద్ది, ఇంక దాని పని అయిపోయినట్టే.

ఒకరోజు నా వేలు పెట్టా లోపల. ఎందుకు పెట్టానో తెలీదు. ఆ మధ్యలో సన్న దారాలుంటయ్ చూశావా, పుప్పొడి అంటుకుని ఉండేయి, అయ్యి కదిలినయ్ తల్లీ. గాలి లేదు. నా వేలు తగలంగానే నెమ్మదిగా లోపలికి వంగి నా వేలి చుట్టూ చేరినయ్. పసిబిడ్డ అరచేతిలో మనం వేలు పెడితే పట్టుకుంటారే, అట్టా. నేనక్కడ కూలబడి ఏడ్చా. బిడ్డ పోయినరోజు కూడా అట్టా ఏడవలా నేను.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మా దొడ్డి కంచె అవతలే మీ వాళ్ళిల్లు. పరుపులు కుట్టేవాళ్ళు, దూది ఏకే చప్పుడు రోజంతా వచ్చేది. మస్తాన్‌బీ కోడలు కరీమూన్, అంటే మీ నాన్నని కన్నతల్లి, నా ఈడుదే. ఇద్దరం ఒకేసారి కడుపుతో ఉన్నాం. నాకు పులుపు తినాలనిపిస్తే కంచె మీంచి చింతకాయ విసిరేది, మా అత్త చూస్తే తిడుతుందని నవ్వుకుంటా లోపలికి పారిపోయేది. నా తర్వాత కొద్దిరోజులకి తను కన్నది, మగపిల్లాడు. కన్న దగ్గర్నుంచీ జ్వరం. రైల్లో తెనాలి తీసుకుపోయారు, అక్కడైతే పెద్ద డాక్టర్లు ఉంటారని. తీసుకొచ్చింది శవాన్ని. నేను కంచె ఇవతల నిలబడి చూశా. చింతకాయలు విసిరిన చెయ్యి, గుడ్డ కప్పి ఉంది.

ఇంక ఆ పిల్లోడికి మేకపాలు. దూదికి కరువు లేదు గదా ఆ ఇంట్లో, దూదివత్తి చేసి మేకపాలల్లో ముంచి నోట్లో పిండేవాళ్ళు. తాగింది తాగినట్టే పోయేది విరేచనాలకి. మొదట గట్టిగా ఏడ్చేవాడు. రోజురోజుకీ ఆ ఏడుపు సన్నబడిపోయింది. నువ్వు తల్లివి కాలేదు గదా ఇంకా, నీకు ఎట్టా చెప్పాలి... వాడు అక్కడ ఏడిస్తే ఇక్కడ నాకు పాలు కారేయి. పైన మల్లెపూలు, కింద పాలు.

మా అత్తతో అన్నా. "అత్తయ్యా, నేను పోయి ఇస్తా" అన్నా. అంతే, ఇంటికప్పు లేచిపోయింది. "బుద్ధుందా నీకు? నీ బిడ్డ పోయిన పాలు అయ్యి. రేపు వాడికేమన్నా అయితే మన పాలు తాగే పోయాడంటారు. ఆ ఉసురు ఎవరు మొయ్యాలి? నువ్వు మోస్తావా?" అన్నది. మంచిదా చెడ్డదా అంటే, చెడ్డది కాదు. ఆమెకి భయం. నాకూ భయమే. ఆ మాట వాళ్ళింట్లోనూ అనుకున్నారంట తర్వాత తెలిసింది, బిడ్డ పోయినదాని పాలు ఎట్టా తాగిస్తామని. మతం సంగతి ఎవరూ ఎత్తలేదు అంటే అబద్ధమవుద్ది, ఊళ్ళో ఎత్తారు. కానీ మా రెండిళ్ళల్లో అడ్డుపడ్డది అది కాదు. నా బిడ్డ చావే అడ్డుపడ్డది.

ఆ మర్నాడు కూడా పొద దగ్గరకి పోయా. కూచున్నా. చీమలొచ్చినయ్, ఈగలొచ్చినయ్, తుమ్మెద వచ్చింది. ఆ పువ్వుని చూసి నాకేదో జ్ఞానం వచ్చిందనుకునేవు. జ్ఞానం లేదు ఏం లేదు. కోపమొచ్చింది. ఒళ్ళంతా ముళ్ళు, మొదలు కింద నా బిడ్డ, ఇది చూస్తే నీళ్ళు లేని ఇసకలో నిలబడి వచ్చినదానికల్లా పోస్తా ఉంది. కంచె అవతల ఒక్క నోరు, ఆ ఒక్క నోటికి ఇవ్వకుండా నేను పూలు కట్టుకుని ఎండగట్టుకుంటున్నానా? అనిపించింది. చెంబు అక్కడే పారేశా. నడుస్తానే చెయ్యి లోపలికి పెట్టి ఆ గుడ్డ లాగేశా. మల్లెపూలు దారంతా రాలినయ్.

మా ఇంటికి పోలా. తిన్నగా మీ ఇంటికి పోయా. మస్తాన్‌బీ వాకిట్లో పిల్లోణ్ణి ఒళ్ళో వేసుకుని కూచునుంది. పోయి చేతులు చాపా. ఆమె నా మొహం చూసింది, నా రవిక చూసింది. "ఒక్క మాటమ్మా" అన్నది. "మాలో పాలు తాగితే బిడ్డయిపోతాడు. మళ్ళీ కాదనటానికి ఉండదు. మీ ఆయన్ని అడగాలి." అప్పటికే మస్తాన్‌బీ వాళ్ళాయన దోసపాదుల దగ్గరికి పరిగెత్తాడు, మా ఆయన్ని అడగటానికి. "అడగాల్సింది నన్ను కాదు, ఆమెని" అన్నాడంట మా ఆయన, పాదుకి నీళ్ళు పోస్తా తలెత్తకుండా. ఆ కబురు వచ్చిందాకా పిల్లోడు నా చేతుల్లోనే ఉన్నాడు. బరువు లేడు. దూదిపరకే.

రొమ్ము నోటికి పెట్టా. పట్టలా. పట్టే ఓపిక లేదు వాడికి. పెదాలు ఊరికే ఆనించి ఉన్నాడు. పిండితే ఒక్క చుక్క రాదు. చూశావా మరి, రోజుల తరబడి మల్లెపూలు కడితే ఎండిపోవా? అక్కర్లేనప్పుడు కాలవలై పారినయ్, కావాల్సొచ్చేసరికి లేవు. మస్తాన్‌బీ గోడవైపు తిరిగి నిలబడ్డది, నేను చూడకూడదని. అత్త అన్నమాటే నిజమవుద్దేమో, వీడు నా ఒళ్ళోనే పోతాడేమో అనిపించింది. ఒక్క నిమిషం తీసేద్దామనుకున్నా కూడా.

అప్పుడు లాగాడు. ఒక్కసారి. ఆగాడు. మళ్ళీ లాగాడు. వీపులోంచి జివ్వున ఏదో దిగినట్టయింది నాకు, పాలిచ్చిన ప్రతి తల్లికీ తెలుసు అది. చుక్క పడ్డది వాడి నోట్లో. తాగేకొద్దీ ఊరుద్ది తల్లీ, దాని లెక్కే అంత, తాగేవాళ్ళుంటే ఊరుద్ది. గుటక వేసిన చప్పుడు వినపడ్డది. మస్తాన్‌బీ ఇటు తిరిగింది, మోకాళ్ళ మీద కూచుంది, కొంగు నోట్లో కుక్కుకుంది.

తలెత్తేసరికి గుమ్మంలో మా అత్త. ఎప్పుడొచ్చిందో ఏంటో. చేతిలో నా చెంబు ఉంది. అంటే పొద దాకా వెతుక్కుంటా పోయిందన్నమాట, రాలిన పూలు చూసుకుంటా ఇటొచ్చింది. చాలాసేపు చూసి చెంబు గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలా. మర్నాడు సముద్రం నుంచి చేపల గంప ఆవిడ వస్తే ఆపి, పాలసొర ఉందా అని అడిగింది. పాలసొర ఎందుకు వండుతారో తెలుసా నీకు? పాలిచ్చే తల్లికి పాలు పడటానికి పెడతారు. వెల్లుల్లి దండిగా వేసి పొడిపొడిగా వేయించి, అన్నంలో కలిపి నా ముందు పెట్టింది. "తిను. పిల్లోడు ఏడుస్తున్నాడు అవతల" అన్నది. అంతే, ఇంక ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలా. నేను కూడా ఎత్తలా.

అట్టా బతికాడు మీ నాన్న. ఆ తర్వాత నాకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, నీకు అత్తలే గదా, వాళ్ళ సంగతి నీకు తెలుసు. జానీకి వాళ్ళు చెల్లెళ్ళు. మస్తాన్‌బీ చెప్పినట్టే జరిగింది, మళ్ళీ ఎవరూ కాదనలా.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా, నాకు ఆయాసంగా ఉంది. మీ నాన్నకి మీసాలొచ్చే వయసులో అనుకుంటా, షబేబరాత్ వచ్చింది. మీవాళ్ళు పెద్దల సమాధుల దగ్గరికి పోతారు గదా. వాడు కరీమూన్ సమాధి దగ్గరికి పోయి ఆమె పేరున ఫాతిహా చదివించి, తెల్లారి తిన్నగా మా ఇంటికొచ్చాడు. "అమ్మా, ఆ పొద దగ్గర కూడా చదివా" అన్నాడు. నాకు అర్థం కాలా ముందు. "నీ బిడ్డకి చదివా. నాకోసం పాలు వదిలి పోయింది గదా" అన్నాడు. వాడే మళ్ళీ, "చదివేటప్పుడు పేరు చెప్పాలమ్మా, పేరేంటి?" అన్నాడు.

పేరు పెట్టలేదురా అన్నా. పేరు పెట్టే రోజు దాకా ఉండలేదురా అన్నా. "నాకంటే ముందు పుట్టింది గదా. అక్క అంటాలే" అన్నాడు. అప్పటిదాకా దాన్ని ఎవరూ ఏమనీ పిలవలేదమ్మాయ్. నేను కూడా, లోపల లోపల కూడా, ఏమనీ పిలవలేదు. ఇప్పటికీ ప్రతి ఏడూ పోతాడు. నువ్వు అడిగిచూడు, అక్క దగ్గరికి పోయొచ్చా అంటాడు, పక్కవీధిలో ఉన్నట్టు.

"నానమ్మా... ఆ పొద ఇంకా ఉంది గదా. రేపు పొద్దున నేను పోయి నాలుగు పూలు కోసుకోవచ్చా? లోపల చూడాలి."

కోసుకో తల్లీ. నన్నడిగే పనేంటి? ఆ పూలు మీ మేనత్తవి. మేనకోడలు కోసుకుంటే ఏమంటది? ముళ్ళు చూసుకో, చేతికి గుడ్డ చుట్టుకో. ఎండెక్కాక పో, అప్పటిగ్గాని విచ్చుకోవు. చల్లగా ఉండు, నూరేళ్ళు... ఆ ఫోను ఇంక కట్టెయ్, ఆ ఫ్యాను వెయ్యి కాస్త, ఉక్కగా ఉంది...